లిథియం వేసుకుంటున్నా, ఉప్పు మానలేదు

మా వైపు చిన్నపిల్లల్ని అడిగినా క్రియాటినిన్ అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూసే రక్తపరీక్ష అని చెప్తారు. నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర, ఉద్దానంలో, ఇంటి వెనక కొబ్బరి ముందు జీడిమామిడి, చూడ్డానికి కోనసీమలా ఉంటుంది కానీ కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు, నీళ్ళంటారు, పురుగుమందులంటారు, ఎండలో పనంటారు, ఒళ్ళునొప్పులకి మింగే బిళ్ళలంటారు. పలాసలో కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబర్‌లో తెరిచారు, మా నాన్న అంతకు చాలా ముందే డయాలసిస్ మీద ఉండి పోయారు. అలాంటి ఇంట్లోంచి వచ్చినదాన్ని, నాకు డాక్టరు బైపోలార్‌కి, అంటే మనసు కొన్నాళ్ళు దిగులులో మునిగి కొన్నాళ్ళు పట్టలేని ఊపులోకి వెళ్ళే జబ్బుకి, లిథియం రాసి, ఇది కిడ్నీల ద్వారానే బయటికి పోతుందమ్మా, కిడ్నీ టెస్టులు చేయించుకుంటూ ఉండాలి అనేసరికి ఆ చీటీ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయా.

జబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. పెళ్ళయ్యి ఒడిశాలోని బరంపురం వచ్చాను, మా ఆయనకి పట్టుచీరల షాపు, లెక్కలు నేనే చూస్తా. బాబు పుట్టాక కొన్నాళ్ళు మంచం దిగబుద్ధి కాలేదు, తల దువ్వుకోబుద్ధి కాలేదు, అందరూ నీరసం అన్నారు రక్తం తక్కువ అన్నారు, అది దానంతటదే పోయింది. తర్వాత కొన్నేళ్ళకి ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర, వచ్చింది, ఇక్కడ రెండేళ్ళకోసారి చేస్తారు, ఊరు ఊరంతా రాత్రుళ్ళు మేలుకునే ఉంటుంది, అందుకే నేను నిద్రపోవట్లేదని ఎవరికీ అనుమానం రాలేదు. యాత్ర అయిపోయింది, నాకు మాత్రం నిద్ర రాలేదు, నిద్ర అక్కర్లేదు అనిపించేది కూడా, ఒంట్లో ఎంత బలం ఉందో అంత. గాజులు తాకట్టు పెట్టి మగ్గాల వాళ్ళకి అడ్వాన్సులు ఇచ్చేశా, విశాఖలో ఒకటి హైదరాబాద్‌లో ఒకటి షాపులు పెడతానని అర్ధరాత్రి బంధువులందరికీ ఫోన్లు, మాట్లాడుతుంటే ఒక మాట పూర్తవకుండానే ఇంకో మాట, ఎవరైనా ఆగమంటే కోపం. అమ్మవారు నాతోనే మాట్లాడుతోంది అని కూడా అన్నానట, అది నాకు సగం గుర్తుంది సగం లేదు. మా అత్తగారు గుడికి తీసికెళ్ళారు, నాకు దానిమీద ఏ బాధా లేదు, ఆవిడకి తెలిసిన మంచి అది. మా ఆయన మాత్రం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ ఓపీకి తీసికెళ్ళారు. బైపోలార్ అన్నారు, పాత దిగులు కూడా ఇందులో భాగమే అన్నారు.

మొదట నిద్ర కోసం, ఆ ఊపు తగ్గడం కోసం ఒలాంజపిన్, దాంతోపాటు లిథియం. వాల్‌ప్రోయేట్ అని ఇంకో మందు ఉందట, కానీ పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళకి అది కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం కాబట్టి నీకు రాయను అన్నారు. లిథియం మీద ఉన్నా కూడా, ఇంకో బిడ్డ కావాలనుకుంటే ముందుగానే వచ్చి చెప్పు, అప్పటికప్పుడు నువ్వే ఆపేయకు అని కూడా అప్పుడే చెప్పారు.

ఈ కబురు ఉద్దానం చేరడానికి ఒక్క పూట పట్టింది. మా అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. "ఏటే, మీ నాన్నని సూసి కూడా ఆ మందు ఏసుకుంటావేటి? రేపు కిడ్నీలు పోతే ఎవులు సూస్తారే నిన్ను?" మా అన్నయ్య అయితే ఎవరో ఆకుమందు ఇస్తారట పద అన్నాడు. వాళ్ళది తప్పు అనను. ఉద్దానంలో పుట్టినవాళ్ళు కిడ్నీకి భయపడకపోతే ఇంకెవరు భయపడతారు. అందుకే తర్వాతి ఓపీకి అమ్మని కూడా రమ్మన్నా, డాక్టరుగారికి తెలుగు అంతంతమాత్రం, ఆయన ఒడియాలో చెప్తుంటే నేను తెలుగులో అమ్మకి చెప్తూ ఉన్నా.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తా. లిథియం కూడా ఉప్పులాంటి వస్తువే, ఉప్పులో ఉండే సోడియం, ఈ లిథియం కిడ్నీకి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. ఒంట్లో నీళ్ళు తగ్గినా ఉప్పు తగ్గినా కిడ్నీ సోడియంని బయటికి పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటుంది, దాంతోపాటు లిథియంని కూడా లాక్కుంటుంది. అప్పుడు నువ్వు రోజూ వేసుకునే అదే మాత్ర, అదే డోసు, రక్తంలో మాత్రం ఎక్కువైపోతుంది. మామూలుగా చాలామందికి రక్తంలో లిథియం లెవెల్ 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విషం లక్షణాలు మొదలవుతాయి, కొందరికి అంతకంటే ముందే. పనిచేసే మోతాదుకీ ముంచే మోతాదుకీ మధ్య జాగా చిన్నది, అందుకే రక్తపరీక్ష. ఇక కిడ్నీల మాటంటావా, చాలా ఏళ్ళు వాడితే కొంతమందికి కిడ్నీ పనితనం తగ్గొచ్చు, లేదని నేను అబద్ధం చెప్పను, కానీ లెవెల్ తక్కువలో ఉంచి క్రియాటినిన్ చూసుకుంటూ ఉంటే తేడా ముందే కనిపిస్తుంది, అప్పుడు డోసు తగ్గించడమో మందు మార్చడమో చేస్తాం అన్నారు. మీ ఇంట్లో కిడ్నీ జబ్బు ఉంది కాబట్టి నీకు టెస్టులు ఇంకా దగ్గర దగ్గరగా రాస్తాను అని కూడా అన్నారు. అమ్మ ఇంకేం అనలేదు. మందు గురించి ఒక డాక్టరు చెడ్డ కూడా దాచకుండా చెప్పడం ఆవిడ అంతకుముందు చూడలేదు.

తర్వాత నేను చదువుకున్నది ఒకటి, ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు 1949లో ఈ ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని మొదట రాశారు. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో గుండెజబ్బు వాళ్ళకి మామూలు ఉప్పు బదులుగా లిథియం క్లోరైడ్‌ని అమ్మారు, ఎంత పడాలి అన్న లెక్క లేకుండా అన్నంలో కూరల్లో చల్లుకుని కొందరు చనిపోయారు. ఆ దెబ్బతో అక్కడ భయపడి చివరికి 1970లో గానీ అనుమతి ఇవ్వలేదు. మందు అదే, తేడా అంతా కొలతలో ఉంది. నాకు ఇది చదివాక భయం పోలేదు కానీ దేనికి భయపడాలో తెలిసింది.

లెవెల్ టెస్టుకి ఒక పద్ధతి ఉంది, దీన్ని చాలా ల్యాబుల్లో అడగరు మనమే చెప్పాలి. ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి. నేను రాత్రి తొమ్మిదికి వేసుకుంటా, పొద్దున్న తొమ్మిదికి రక్తం ఇస్తా. పొద్దున్న కూడా మాత్ర ఉన్నవాళ్ళు రక్తం ఇచ్చాకే అది వేసుకోవాలి, ముందే వేసుకుని వెళ్తే లెవెల్ ఎక్కువ చూపించి డాక్టరు అనవసరంగా డోసు తగ్గిస్తారు. డోసు మార్చినప్పుడల్లా ఓ వారానికి లెవెల్, కుదురుకున్నాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి. దాంతోపాటు క్రియాటినిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, కాల్షియం. నాకు థైరాయిడ్ కొంచెం తగ్గింది, లిథియంతో ఆడవాళ్ళకి ఇది బాగానే వస్తుందట, థైరాక్సిన్ చిన్న మాత్ర ఇచ్చారు, దానికోసం లిథియం ఆపక్కర్లేదు. దాహం ఎక్కువ, చేతివేళ్ళు సన్నగా వణుకుతాయి, చీర కుచ్చిళ్ళు పట్టేటప్పుడు తెలుస్తుంది. వీటితో బతకొచ్చు. ఒకపూట మాత్ర మర్చిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకూడదు, ఎస్ఆర్ (నెమ్మదిగా కరిగేది) అని రాసి ఉన్న మాత్రని నూరకూడదు, కంపెనీ మార్చి ఇస్తే డాక్టరుకి చెప్పాలి.

తిండి దగ్గర ఎవరేం చెప్పినా నేను ఉప్పు మానను. ఎక్కువా తినను, ఒక్కసారిగా తగ్గించనూ తగ్గించను, రోజూ ఒకేలా. ఇక్కడ ఎండాకాలం ఒడియావాళ్ళింట్లో పఖాళ తింటారు, మనింట్లో చద్దన్నం, గంజి, రెండూ నీళ్ళూ ఉప్పూ ఉన్న తిండే, నాకు అవి మందుతో సమానం. కార్తీక సోమవారాలు నీళ్ళు కూడా ముట్టకుండా ఉండేదాన్ని, ఇప్పుడు మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు తాగుతూనే ఉంటా, శివుడికి ఏమీ లోటు రాలేదు.

ఇంత జాగ్రత్తలోనూ ఒకసారి ప్రాణం మీదకొచ్చింది, అది వివరంగా చెప్పాలి. వేసవిలో పుట్టింటికి వెళ్ళా, జ్వరం పట్టుకుంది, కీళ్ళన్నీ విరగ్గొట్టినట్టు నొప్పులు, ఏం తిన్నా వాంతి. మా ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా ఊరి వైద్యుడు, ఆర్ఎంపీ దగ్గరికే. ఆయన ఇంకేమైనా మందులు వాడుతుందా అని అడిగితే మా అమ్మ "బలానికి ఏవో మాత్రలు" అంది. ఊళ్ళో పిచ్చిమందు అంటారని, బాబుకి రేపు సంబంధాలు రావని, ఆవిడ భయం ఆవిడది. ఆయన నొప్పికి ఇంజెక్షను చేసి రెండు పూటలా డైక్లోఫెనాక్ ఇచ్చారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలన్నీ కిడ్నీ లిథియంని బయటికి పంపడాన్ని తగ్గిస్తాయి. ఒకపక్క వాంతులతో నీళ్ళు పోతున్నాయి, ఒకపక్క ఈ బిళ్ళ, రాత్రి మాత్ర అమ్మ గుర్తుపెట్టుకుని మరీ వేస్తోంది.

రెండు మూడు రోజులకి చెయ్యి వణుకు మామూలు వణుకులా లేదు, గ్లాసు నోటిదాకా వెళ్ళట్లేదు. నాలుక మందంగా, మాట ముద్దగా, లేచి నడిస్తే గోడ పట్టుకోవాలి, విరేచనాలు కూడా మొదలు. వదిన జ్వరం నీరసం అనుకుంది. మా ఆయన ఆదివారం వచ్చారు, నన్ను చూసి ముందు మంచం పక్కనున్న బిళ్ళలన్నీ తీసి చదివారు, పర్సులో ఆయన ఎప్పుడూ ఒక కాగితం పెట్టుకుంటారు, అందులో డాక్టరు స్వయంగా రాసిన పేర్లు, ఏ మందులు కలవకూడదో అవి. డైక్లోఫెనాక్ అందులో ఉంది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఈ రాత్రి లిథియం వెయ్యొద్దు, ఇప్పుడే బయల్దేరండి అన్నారు. కారు మాట్లాడుకుని ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వచ్చాం. లెవెల్ 1.9 ఉంది, క్రియాటినిన్ కూడా పెరిగింది. సెలైన్లు పెట్టారు, లిథియం ఆపారు, రోజూ రక్తం తీసి చూశారు. ఇంకా ఆలస్యమైతే ఫిట్స్ రావొచ్చు, డయాలసిస్ కూడా కావాల్సి రావొచ్చు అన్నారట, ఆ మాట విని అమ్మ వరండాలో నేలమీద కూలబడిపోయిందని తర్వాత వదిన చెప్పింది.

నెమ్మదిగా లెవెల్ దిగింది, క్రియాటినిన్ మళ్ళీ పాత చోటికి వచ్చింది. లిథియం ఇంక వద్దేమో అని మేమే అడిగాం. డాక్టరుగారు ఆలోచించి, నీకు ఇది బాగా పనిచేసింది, జరిగింది మందువల్ల కాదు కలిసిన బిళ్ళవల్ల, తక్కువ డోసుతో మళ్ళీ మొదలుపెడదాం అన్నారు. ఇది డాక్టరు చూసుకుంటూ ఆపిన ఆపడం, మనంతట మనం బాగానే ఉన్నాం కదా అని ఒక్కరోజులో మానేయడం వేరే, అలా మానేస్తే ఆ ఊపు మళ్ళీ చాలా త్వరగా తిరగబెట్టొచ్చు. నిజంగా మానాల్సి వస్తే కూడా వారాలు నెలల మీద తగ్గిస్తూ రావాలి. చనిపోవాలనే ఆలోచనలు వచ్చే రోజుల్లో కాపాడే మందుగా దీనికి పేరుంది, నేను ఆ రోజులు కూడా చూశాను కాబట్టి దీన్ని తేలిగ్గా వదులుకోను. అలాంటి రోజులు ఎవరికైనా వస్తే 14416కి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడొచ్చు, ఒడియాలో కూడా, డబ్బులు తీసుకోరు.

నా బాధల్లా ఆ దాపరికం మీదే. ఆర్ఎంపీకి తెలిసుంటే ఉత్త పారాసిటమాల్ ఇచ్చేవారు, అది లిథియంతో పర్వాలేదు. షుగర్ మాత్ర అని చెప్పడానికి ఎవరికీ నోరు ఆగదు, బీపీ మాత్ర అని అరుగు మీద కూర్చుని చెప్పుకుంటాం, ఈ ఒక్క మాత్రకే ఎందుకు గొంతు తగ్గాలి? పేరు దాచిన మందు పక్కన ఏ మందు పెట్టినా చీకట్లో పెట్టినట్టే. మా అమ్మ ఇప్పుడు మారిపోయింది. మెడికల్ షాపుకి దగ్గు మందుకి వెళ్ళినా "మా అమ్మాయి లితియం ఏసుకుంటాది బాబూ, కలిసీదే ఇవ్వు" అని గట్టిగా అంటుంది, పక్కన ఎవరున్నా సరే.

ఈమధ్య నాకు బీపీ కొంచెం పెరిగింది. జనరల్ డాక్టరు దగ్గర కూర్చోగానే ముందు ఆ కలవకూడని మందుల కాగితం బల్ల మీద పెట్టా. ఆయన టెల్మిసార్టాన్, నీరు పోయే మందు కలిపిన మాత్ర రాయబోయి ఆ కాగితం చూసి ఆగారు, ఆ రెండూ లిథియం లెవెల్ పెంచేవే. సైకియాట్రీ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి అమ్లోడిపిన్ రాశారు. కొత్త మందు ఏది మొదలుపెట్టినా లెవెల్ చూసుకోవాలి కాబట్టి వచ్చే సోమవారం పొద్దున్న తొమ్మిదికి ల్యాబుకి వెళ్ళాలి, క్రియాటినిన్ కూడా రాయించుకున్నా.