ఒకే రైలు మార్గంలో మూడు బెటాలియన్లు

ఇటలీలోని పాదోవాలో రైలెక్కేటప్పుడు నా నోట్‌బుక్‌లో మూడు ఊళ్ల పేర్లు రాసుకున్నాను: ఫెల్త్రే, బెల్లునో, పియెవే ది కాదోరే. ఇటలీ పర్వత పదాతిదళం అల్పీనిలో 7వ రెజిమెంట్ పాత బెటాలియన్ల పేర్లు కూడా అవే. మూడూ ఈ ఒక్క లైను మీదే ఉన్నాయని మ్యాప్ చూస్తుంటే తెలిసింది. ఇక ఆగలేకపోయాను.

మోంతెబెల్లూనా దాటాక కొండలు దగ్గరికొచ్చాయి. పక్కనే పియావే నది, తెల్లటి గులకరాళ్ల మధ్య సన్నగా పారుతోంది. కాసేపటికి ఫెల్త్రే వచ్చింది. చిన్న స్టేషన్, పైన గుట్ట మీద పాత ఊరు.

అల్పీని పుట్టింది 1872 అక్టోబర్ 15న. ఆ ఆలోచన జుసెప్పే పెరుక్కెత్తి అనే కెప్టెన్‌ది. సరిహద్దు కొండల్ని కాపాడాలంటే ఆ లోయల్లో పుట్టి పెరిగినవాళ్లనే తీసుకోవాలన్నాడు. మొదట 15 కంపెనీలు. పదేళ్లకే ఆరు రెజిమెంట్లయ్యాయి. 7వది 1887లో కొనెల్యానోలో ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి సైనికులు సరిపోక ఒక్కో రెజిమెంట్ కింద కొత్త బెటాలియన్లు కట్టారు. పాతవాటికి ఊళ్ల పేర్లు ఉండగా, కొత్తవాటికి లోయల పేర్లు, శిఖరాల పేర్లు పెట్టారు: వాల్ కోర్దెవోలే, మోంతే పెల్మో, మోంతే ఆంతెలావో. ఇంటి గుమ్మంలో నిలబడితే కనిపించే కొండే వాళ్ల బెటాలియన్ పేరు. ఈ పద్ధతి వినడానికి ఎంత బాగుంటుందో, ఆలోచిస్తే అంత భయం వేస్తుంది. ఒక్క బెటాలియన్ దెబ్బతింటే ఆ చావు కబుర్లన్నీ ఒకే లోయలోని ఇళ్లకు వెళ్తాయి.

బెల్లునోలో ఒక రాత్రి ఉన్నాను. 1953లో అల్పీనీల కాదోరే బ్రిగేడ్‌ను నిలబెట్టినప్పుడు దాని కేంద్రం ఈ ఊరే. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ చేసుకున్న 1943 యుద్ధవిరామంతో చెదిరిపోయిన 7వ రెజిమెంట్ మళ్లీ లేచింది అందులోనే. 1975లో సైన్యాన్ని మార్చి రెజిమెంట్లను తీసేసి, బెటాలియన్లను విడివిడిగా ఉంచారు. తొంభైల్లో రెజిమెంట్లు తిరిగొచ్చాయి. 1997లో కాదోరే బ్రిగేడే పోయింది, 7వ రెజిమెంట్ జూలియా అనే మరో అల్పీని బ్రిగేడ్‌లో కలిసింది. ఇప్పుడది బెల్లునోలోనే ఉంది, దానిలో మిగిలిన బెటాలియన్ మాత్రం ఫెల్త్రే. బెల్లునో పేరున్న బెటాలియన్ లేదు. అల్పీనీల సామాన్లు మోసిన కంచరగాడిదలు కూడా లేవు. సైన్యం దగ్గర మిగిలిన చివరివాటిని 1993లో ఈ ఊళ్లోనే వేలం వేశారు. వాటిలో ఇరోజో అనేది 2019 దాకా బతికింది, నలభై ఏళ్లు. ఫిరంగి ముక్కల్ని మోస్తూ ఈ కొండలెక్కిన జంతువుల్లో అదే ఆఖరిది.

మర్నాడు కలాల్త్సో దాకా రైలు (పియెవే ది కాదోరేకి దగ్గరి స్టేషన్ అదే), అక్కణ్ణుంచి బస్సులో కోర్తీనా, మరో బస్సులో ఫల్త్సారేగో కనుమ. కేబుల్ కారు 2105 మీటర్ల నుంచి 2752 మీటర్లకు, లగత్సువోయ్ కొండ మీదికి చేర్చింది. ఎదురుగా తోఫానా కొండ, దాని భుజాన కస్తెల్లెత్తో అనే రాతి కోట. మొదటి ప్రపంచయుద్ధంలో అక్కడున్న ఆస్ట్రియా సైనికుల్ని కదిలించడానికి ఇటలీవాళ్లు కొండ లోపల నెలల తరబడి సొరంగం తవ్వి, 35 టన్నుల పేలుడు పదార్థం నింపి, 1916 జూలై 11 తెల్లవారుజామున పేల్చారు. వెంటనే లోపలికి ఎక్కబోయిన అల్పీనీలను ఆ పేలుడు విషవాయువే అడ్డుకుంది.

దిగేటప్పుడు అల్పీనీలు తవ్విన సొరంగంలోంచే దిగాను. అద్దెకు తెచ్చుకున్న హెల్మెట్, తలకు లైటు. మెట్లు తడిగా, ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉన్నాయి. పక్కన ఉక్కు తాడు పట్టుకుంటే జూలైలోనూ వేళ్లు కొంకర్లు పోయాయి. గోడ మీద లైటు పడ్డప్పుడల్లా డ్రిల్లు దిగిన గాడి కనిపించేది, అరచేయంత పొడవు. ఒక గాడిలో వేలు పెట్టి చూశాను. లోపల నున్నగా ఉంది.

తిరుగు రైల్లో, కలాల్త్సోలో, నా ఎదుట ఒక పెద్దాయన కూర్చున్నాడు. తల మీద అల్పీని టోపీ, పక్కకు వంగిన నల్ల ఈక. నా వచ్చీరాని ఇటాలియన్‌లో ఏ బెటాలియన్ అని అడిగాను. "బెల్లునో" అన్నాడు. 1963లో తను సర్వీసులో ఉన్నానని చెప్పి, కిటికీ వైపు తిరిగాడు.

ఆ ఏడాది అక్టోబర్ 9 రాత్రి వజోంత్ జలాశయంలోకి కొండచరియ కూలింది. నీళ్లు డ్యామ్ మీదుగా దూకి లోంగరోనే ఊరిని తుడిచేశాయి. దాదాపు రెండు వేలమంది పోయారు. ముందుగా చేరినవాళ్లలో బెల్లునో నుంచి వచ్చిన అల్పీనీలు ఉన్నారు. తమ ఇళ్లకు గంట దూరంలో, తమ యాస మాట్లాడే మనుషుల కోసం తవ్వారు.

మీరు కూడా వెళ్లారా అని అడిగే ధైర్యం రాలేదు. రైలు లోంగరోనేకి నెమ్మదించింది. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. లోపలి తోలు పట్టీ చెమటకు నల్లబడి ఉంది. ఎడమవైపు ఇరుకు లోయలో, రెండు కొండల మధ్య, డ్యామ్ గోడ ఇంకా నిలబడే ఉంది. ఊరు దాటేదాకా ఆయన టోపీ మళ్లీ పెట్టుకోలేదు.