ఖమ్మం నుంచి డాలస్‌కు: అమ్మతో ప్రయాణం, మన గడియారం లెక్క

టికెట్‌లో హైదరాబాద్‌లో బయల్దేరేది రాత్రి 9:30, డాలస్‌లో దిగేది మర్నాడు ఉదయం 9:40 అని ఉంది. "పన్నెండు గంటలేగా! పడుకుని లేచేసరికి చిన్నోడి దగ్గరుంటాం" అంది అమ్మ. కానీ అమ్మకు షుగరు. ఏ మాత్ర ఎప్పుడో, తిండి ఎప్పుడో తేలకుండా ఇల్లు కదలడం నాకు ఇష్టం లేదు.

అందుకే ప్రయాణమంతా మన టైములోకి మార్చి కాగితం మీద రాశాను. విమానం మారే దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, డాలస్ వేసవిలో పదిన్నర గంటలు వెనక. నాలుగు గంటల్లో దుబాయ్‌లో దిగితే అక్కడ అర్ధరాత్రి, మనకు 1:30. రెండో విమానం అక్కడి 2:40కి, అంటే మన 4:10కి. డాలస్‌లో పొద్దున 9:40 అంటే ఇక్కడ రాత్రి 8:10. మొత్తం 22 గంటల 40 నిమిషాలు! దీనికి ముందు ఖమ్మం నుంచి శంషాబాద్‌కు కారు, మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టు, చివర్లో ఇమిగ్రేషన్ లైను. ఇంటికి తాళం వేసింది మొదలు తమ్ముడి గుమ్మం తొక్కేదాకా ఒక రోజు దాటిపోతుంది.

ఆ కాగితం డాక్టరుగారికి చూపిస్తే, ప్రతి గంట పక్కనా ఏం వేసుకోవాలో ఆయనే రాసిచ్చారు. అమ్మ చేతి గడియారం డాలస్ చేరేదాకా మార్చలేదు. మందులు, ప్రిస్క్రిప్షన్ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టాం. టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ అడిగాం. పెద్దవాళ్లు వస్తుంటే ఇది తప్పకుండా అడగండి. దుబాయ్‌లో గేట్ల మధ్య దూరం చాలా ఎక్కువ, అమెరికా విమానం ఎక్కేముందు మళ్లీ తనిఖీ ఉంటుంది.

దూరం సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా అయితే 2,550, ఆపైన 12,900. గంటకు 900 చొప్పున భాగిస్తే పదిహేడు గంటలే వస్తుంది, కానీ రెండు విమానాల్లో కలిపి ఇరవై గంటలు కూర్చున్నాం. విమానం రన్‌వే దాకా నేలమీద మెల్లగా పోవడం, పైకెక్కడం, దిగడం, ఎదురుగాలి, ఎగరకూడని గగనతలాల వల్ల తిరిగే చుట్టుదారులు, ఇవేవీ ఆ భాగహారంలో ఉండవు.

సీటు ముందు తెరలో విమానం ఉత్తరానికి పోతుంటే అమ్మ కంగారుపడింది: "అమెరికా పడమరన కదరా, ఇదేంటి పైకి పోతోంది?" నారింజపండు మీద దారం లాగి పట్టుకుంటే ఏ దారిన పోతుందో అదే దగ్గరిదారి అని చెప్పాను. గోడమీది మ్యాపులో అడ్డంగా కనిపించేది నిజానికి చుట్టు. ధ్రువం వైపు వెళ్లి, కెనడా మీదుగా కిందికి దిగుతామని చూపిస్తే కుదుటపడి పడుకుంది.

తిరుగు ప్రయాణం డిసెంబరులో. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి తేడా పదకొండున్నర అవుతుంది. పైగా గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది గనక, వెళ్లేటప్పుడు పదహారు గంటలు పట్టిన దారి దుబాయ్ దాకా సుమారు పదిహేనుకు తగ్గుతుంది. పాత కాగితం పనికిరాదు. మాత్రల లెక్క కోసం కొత్తది రాసి డాక్టరుగారికి వాట్సాప్‌లో పంపాను.