రాత్రి పదింటికి ఓళిగల డబ్బా

మా ఇంట్లో ఓళిగల (కొన్నిచోట్ల బొబ్బట్లంటారు) డబ్బా మూత గట్టిది. మామూలుగా తీస్తే టప్‌మని ఇల్లంతా వినపడుతుంది. అందుకని బొటనవేలి గోరు మూత అంచు కింద దూర్చి, ఒక పక్క నుంచి మెల్లగా గాలి వదిలి, శబ్దం రాకుండా తియ్యడం నేర్చుకున్నాను. నాకు నలభై నాలుగేళ్లు. ఇంటి సరుకుల డబ్బులు నావే, ఓళిగలు చేసింది మా అమ్మ, అయినా రాత్రి పదింటికి వంటింట్లో లైటు కూడా వెయ్యకుండా ఫ్రిజ్ పక్కన నిలబడి దొంగలాగా తింటాను.

తినేది ఆకలికి కాదు. తొమ్మిదికి అన్నం తిని ఉంటాను, కడుపు నిండే ఉంటుంది. చెయ్యి కడుక్కుని టీవీ ముందు కూర్చున్న ఇరవై నిమిషాలకి నోరు ఏదో అడగడం మొదలుపెడుతుంది. కారం అడగదు, పండు అడగదు, తీపే కావాలి దానికి.

పోయినేడు రక్తపరీక్ష చేయించుకుంటే షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు కానీ గడప దాకా వచ్చి నిలబడింది అన్నారు డాక్టరు గారు. అప్పుడు నా బరువు 86 కిలోలు. నేను పనిచేసేది అనంతపురంలో ఒక ఆడిటర్ ఆఫీసులో, రోజంతా ఊళ్లోవాళ్ల లెక్కలు చూడటమే పని, నా ఒంటి లెక్క నేను చూసుకోలేనా అని ధీమాగా ఫోన్‌లో కేలరీల యాప్ వేసుకున్నా, వంటింట్లోకి ఒక చిన్న డిజిటల్ కాటా కొన్నా. ఆ కాటా చూసి మా అమ్మ, "ఏంరా, బంగారు అంగడి పెడతావా ఇంట్లో?" అంది.

మొదటి నెల చేసినంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. యాప్ రోజుకి 1,500 కేలరీలు ఇస్తే నేను హుషారుగా 1,200లో సరిపెట్టాలని చూశా. పొద్దున బొరుగుల ఉగ్గాని మానేశా (బజ్జీల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు), మధ్యాహ్నం గుప్పెడు అన్నం, సాయంత్రం చక్కెర లేని టీ. ఏడింటి దాకా నా అంత నిగ్రహం ఉన్నవాడు జిల్లాలో లేడు. పదింటికి మాత్రం ఆ మిగిల్చిన మూడు వందలూ వడ్డీతో సహా డబ్బాలోంచి వసూలయ్యేవి.

ఇది నా ఒక్కడి బలహీనతే అనుకునేవాణ్ని. అమెరికాలో 2013లో వచ్చిన ఒక పరిశోధన గురించి చదివాక కొంచెం ఊరట కలిగింది. పన్నెండు మందిని మసక వెలుతురులో రోజుల తరబడి ఉంచి, టైము తెలియకుండా తిండీ నిద్రా మార్చి చూశారు. తిన్నదానితో సంబంధం లేకుండా, ఒంట్లోని గడియారం ప్రకారమే ఆకలి పొద్దున ఎనిమిది ప్రాంతంలో బాగా తక్కువగా, రాత్రి ఎనిమిది ప్రాంతంలో బాగా ఎక్కువగా ఉందట, తీపి మీదా ఉప్పు మీదా మనసు పోవడం కూడా అప్పుడే ఎక్కువట. అంటే నేను పొద్దునంతా మానింది ఎట్లాగూ పెద్దగా ఆకలి లేని టైములో, పగలంతా మాడ్చిన కడుపుతో కాచుకున్నదేమో ఒళ్లు ఎదురుతిరిగే టైములో. లెక్కలవాణ్నని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

సరే, ఉగ్గాని మళ్లీ మొదలుపెట్టా. దాంతో డబ్బా దగ్గరికి వెళ్లడం తగ్గింది, ఆగలేదు. అప్పుడు చాలామంది చేసే పనే చేశా, చక్కెర బదులు "మంచి" తీపి పెట్టుకున్నా. మన వైపు దానికి కొదవేముంది, చెనిక్కాయల సీమ మనది, ఏ అంగట్లో చూసినా చెనిక్కాయల చిక్కీ. బెల్లం కదా, చెనిక్కాయలు కదా, బలం కదా. రాత్రి ఒకటి, బలం చాల్లేదనిపిస్తే రెండోది, వార్తలు బాగా లేకపోతే మూడోది. మూడు వారాల్లో 700 గ్రాములు పెరిగా. ఒక ముక్క కాటా మీద పెడితే 30 గ్రాములు. సగం చెనిక్కాయలు, సగం బెల్లం అనుకున్నా 140 కేలరీల పైనే. మూడు ముక్కలంటే 420, నా రాత్రి భోజనం కన్నా ఎక్కువ. బెల్లంలో ఇనుము ఉంటుంది, ఖనిజాలు ఉంటాయి అని మా ఆఫీసులో ఒకాయన రోజూ చెప్తాడు, ఉంటే ఉండనీ, కేలరీల దగ్గర మాత్రం బెల్లానికీ చక్కెరకీ చెప్పుకోదగ్గ తేడా లేదు, గ్రాముకి దాదాపు నాలుగు. ఖర్జూరాలదీ అదే కథ, ఒకటో రెండో తిని లేచేవాళ్లకి మంచిదే, నేను లేవను.

ఆ కోపంలోనే ఒక ఆదివారం కూర్చుని ఓళిగ లెక్క కూడా తేల్చేశా. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నా. శనగబేడలు అరకిలో, బెల్లం అరకిలో, మైదా నాలుగు వందల గ్రాములు, నూనే నెయ్యీ కలిపి నూట యాభై (ఇది అమ్మ చెప్పిన లెక్క, నా అనుమానం ఇంకా ఎక్కువే). అంతా కలిపితే ఆరున్నర వేలకి కొంచెం తక్కువ, ఓళిగలు 25. ఒక్కోటి 88 గ్రాముల బరువు, సుమారు 260 కేలరీలు. అంటే 200 గ్రాముల వండిన అన్నం. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో దాదాపు గంటసేపు నడిస్తే గానీ అరగనిది, నేను చీకట్లో రెండు నిమిషాల్లో, అది కూడా రుచి సరిగ్గా చూడకుండా మింగుతున్నా. పైగా ఒక్కో దాంట్లో 20 గ్రాముల బెల్లం. పైనుంచి కలిపే తీపి రోజుకి 50 గ్రాములు దాటొద్దు, 25 లోపుంటే ఇంకా మేలు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, రోజుకి 2,000 కేలరీలు తినేవాళ్లకి లెక్క అది.

మధ్యలో పొడపత్రి పిచ్చి కూడా పట్టింది. తెలియనివాళ్లకి, అదొక తీగ, దాని ఆకు నమిలితే నాలుక మీద తీపి తెలిసే చోట్లని కాసేపు మూసేస్తుంది. పాతూరులో మూలికల అంగట్లో పొడి తెచ్చి, ఒక చిటికెడు నాలుక మీద వేసుకుని నిమిషం ఉంచుకున్నా. వట్టి చేదు. నోరు పుక్కిలించి చెంచాడు చక్కెర వేసుకుంటే, అమ్మతోడు, ఇసుక. పళ్ల కింద కరకరమంటోంది, కరుగుతోంది, తీపి అనేదే లేదు. మా పాప కూడా వేసుకుని చాక్లెట్ కొరికి, "నాన్నా, ఇది మైనం లాగుంది" అని ఉమ్మేసింది. ఇంకేం, దొరికింది మందు అని ఎగిరా. అయితే ముప్పావుగంటకి నాలుక మామూలైపోయింది, నేనూ మామూలైపోయా, డబ్బా ఎక్కడికీ పోలేదు. పైగా ఈ ఆకు రక్తంలో షుగర్‌ని కూడా తగ్గించొచ్చంటారు కాబట్టి షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా దీనితో ఆటలాడొద్దు.

షుగర్ ఫ్రీ మిఠాయి గురించి రెండు ముక్కలే. చక్కెర తీసేసినా మైసూర్‌పాక్‌లో నెయ్యి ఎక్కడికి పోతుంది? గ్రాముకి తొమ్మిది కేలరీలు. బరువు తగ్గడానికి ఈ చక్కెర బదులు తీపి పదార్థాలు వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

అసలు దారి చూపించింది మా అమ్మే, అదీ తిట్టడంలో భాగంగా. ఒక రాత్రి వంటింట్లో పట్టుబడ్డా. లైటు వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, తర్వాత అంది: "యాడన్నా మజ్జిగన్నం తిన్నాక తీపి తింటారా నాయనా? ఇస్తట్లో తీపి మొదట పడుతుంది. మజ్జిగ పోసుకున్నామంటే భోజనం అయిపోయినట్టే." నిజమే కదా అనిపించింది. మన పెళ్లి భోజనాల్లో తీపి ముందే వడ్డించేస్తారు, ఓళిగ మీద నెయ్యి వేసి వేడివేడిగా. అన్నీ అయ్యాక విడిగా ఇంకో ప్లేటులో తీపి అనేది బఫేలతోపాటు వచ్చిన అలవాటు అనుకుంటా.

మర్నాటి నుంచి తీపిని దొంగతనం లోంచి తీసి కంచంలో పెట్టా. వారానికి మూడు రోజులు సగం ఓళిగ, లేకపోతే ఒక చిక్కీ ముక్కలో సగం, తూచి, యాప్‌లో ముందే రాసుకుని, అన్నంతోపాటే. పెనం మీద వేడి చేసి, నెయ్యి అరచెంచా. నలుగురి ముందు కూర్చుని తింటే సగం కూడా చాలాసేపు వస్తుందని అప్పుడే తెలిసింది, ఏలకుల వాసన కూడా అప్పుడే తెలిసింది, ఇన్నాళ్లూ చీకట్లో దాన్ని మింగుతున్నానంతే. (షుగర్ ఉన్నవాళ్లు మాత్రం తీపి మొదట తినడం లాంటివి నన్ను చూసి చెయ్యొద్దు, వాళ్ల లెక్క వేరు.)

ఇంకో మార్పు రాత్రి భోజనంలోనే చేశా. చారన్నం తిన్న రోజు పదింటికల్లా నోరు లేస్తుంది, జొన్నరొట్టె, రెండు గరిటెల గోంగూర పప్పు తిన్న రోజు పదకొండు దాకా అడగదు. ఇది నేను రెండు నెలలు రాసి చూసుకున్న లెక్క. చివర్లో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తప్పనిసరి.

అప్పటికీ అడిగితే చీనీకాయ, అంటే బత్తాయి. రసం కాదు, కాయ. ఎండాకాలమైతే మిద్దె మీదికి పోయి చాప మీద కూర్చుని చేత్తోనే ఒలుస్తా. తొక్క గట్టిది, గోరు దిగదు, దిగాక తెల్లటి పీచు తియ్యాలి, ఆ తర్వాత ఒక్కో తొన పైన ఉన్న పొర. పది పన్నెండు నిమిషాలు పడుతుంది, అదే దాని సుగుణం. కాయంతా కలిపి అరవై డెబ్భై కేలరీలు మించదు, చేతివేళ్లకి ఆ వాసన పొద్దుటిదాకా ఉంటుంది. మా ఆవిడ కాస్త ఉప్పూ కారం చల్లుకుంటుంది, నాకు వద్దు.

అన్ని రోజులూ ఇట్లాగే గడుస్తాయని కాదు. మార్చి నెలాఖరులో ఆఫీసులో పన్నెండయ్యేది, నిద్ర ఐదు గంటలు, అప్పుడు ఏ లెక్కా నిలవలేదు. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుందట, చాలు అని చెప్పే లెప్టిన్ తగ్గుతుందట, నా విషయంలో అయితే ఆ రెండూ కలిసి ఆఫీసు కింద ఉన్న బేకరీకి నడిపించాయి. తాడిపత్రిలో ఒక పెళ్లిలో నాలుగు ఓళిగలు తిన్నా, యాప్‌లో రాయలేదు. అయినా ఇప్పుడు 80 కిలోలున్నా.

మొన్న పండక్కి అమ్మ నా మీద జాలిపడి ఓళిగలు చిన్నవి చేసింది, పూరీ అంత. "ఇవి నీకోసమే, చిన్నవి కదా, రెండు తిను, ఏం కాదు" అని తనే కంచంలో వేసింది. తినే ముందు అలవాటుగా రెండూ కాటా మీద పెట్టా. 104 గ్రాములు.