శరీరులతో కాదు

విజయనగరంలో పార్వతీపురం వైపు వెళ్లే రైలు ఎక్కేటప్పటికి నా సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, బైబిలు ఉన్నాయి. గుండెల్లో ఉన్నది మాత్రం అన్నయ్య కుటుంబం మీద పగ. నాన్నగారు పోయాక పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా అది. ఆ రోజుల్లోనే మా చిన్నవాడికి జ్వరం ఎంతకీ తగ్గలేదు. ప్రార్థన చేయడానికి వచ్చిన ఒకాయన, "మీ వదిన చిల్లంగి పెట్టింది. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టవద్దు" అన్నాడు. నేను నమ్మాను. మా ప్రాంతంలో చిల్లంగి అంటే చేతబడి. ఆ మాట మీద పడితే ఒక ఆడమనిషి బతుకు ఏమవుతుందో తెలిసి కూడా నమ్మాను. పిల్లవాడిది టైఫాయిడ్ అని తేలింది, మందులతో తగ్గింది. నా అనుమానం తగ్గలేదు. రెండేళ్లపాటు "ప్రభువా, నా శత్రువును కూల్చు" అని మోకరించాను. కళ్లు మూస్తే వదిన ముఖమే కనిపించేది.

బొబ్బిలిలో మూడు రోజుల ఉపవాస కూడికలు ఉన్నాయని, ఆత్మీయ పోరాటం మీద వాక్యం చెబుతారని తెలిసి బయలుదేరాను. మా నాయనమ్మ బాప్తిస్మం పొందిన ఊరు అది. 1870ల చివర్లో కెనడా బాప్టిస్టు మిషనరీలైన చర్చిల్ దంపతులు అక్కడ పని మొదలుపెట్టారు. ఆ వెలుగు మా ఇంటి దాకా రావడం దేవుని దయ.

గజపతినగరం, కోమటిపల్లి దాటి బొబ్బిలిలో దిగాక, కూడికకు సమయం ఉండడంతో యుద్ధ స్తంభం దగ్గరికి వెళ్లాను. 1757 జనవరి 24. బొబ్బిలి, విజయనగరం రాజుల పగకు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు తోడై బొబ్బిలి కోట నేలమట్టమైంది, ఆడవాళ్లు, పిల్లలు కూడా మిగల్లేదు. గెలిచిన విజయనగరం రాజు విజయరామరాజు ఆ వెంటనే తన డేరాలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో హతమయ్యాడు. చిన్నప్పుడు ఆ కథ వింటే ఒళ్లు పొంగేది. ఆ రోజు స్తంభం ముందు నాకు మా పొలం గట్టు గుర్తొచ్చింది.

మొదటి రోజు ఆకలి, తలనొప్పి. రెండో రోజు అయ్యగారు ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం తీశారు. "మనము పోరాడునది శరీరులతో కాదు" అని చదివి, ఆ "కాదు" దగ్గర ఆగి మమ్మల్ని చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, అపవాదిని ఎదిరించడానికి దేవుడిచ్చే కవచం గురించి పౌలు ఆ పత్రికలో రాసింది తాను సంకెళ్లలో ఉన్నప్పుడని గుర్తుచేశారు. "ఆయనయందు బలవంతులై యుండుడి" అన్నాడే గాని, మీ అంతట మీరు బలవంతులు కండి అనలేదని చెప్పారు.

మధ్యాహ్నం నా పక్కన కూర్చున్న మామ్మగారు నూనెగుడ్డలో చుట్టిన బైబిలు విప్పి నా చేతికిచ్చారు. ఆవిడకు చదువు రాదు. ఆ భాగం ఎన్నిసార్లు చదివించుకున్నారో, పేజీ అంచు నలిగి గుడ్డలా మెత్తబడింది. సత్యమనే దట్టి, నీతి అనే మైమరువు దాటి, సమాధాన సువార్త వలనైన సిద్ధమనస్సనే జోడు దగ్గరికి వచ్చాను. మామ్మగారు నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"నాయనా, ఆ జోడు తొడుక్కుని ఎక్కడికి వెళ్లాలి?"

నేను జవాబు చెప్పలేకపోయాను. గుమ్మం బయట, వందల చెప్పుల మధ్య నా చెప్పులున్నాయి. అవి రెండేళ్లుగా అన్నయ్య వీధి తొక్కలేదు.

అపవాది ఉన్నాడని నేను మనసారా నమ్ముతాను. అపవాదు వేసేవాడు కాబట్టే వాడికి ఆ పేరు. వాడి కోసం నేను ఊరంతా వెతికాను. వాడు నా ప్రార్థనలోనే కూర్చుని, నా నోటితోనే మా వదిన మీద అపవాదు వేయించాడు. ఆ రాత్రి నేల మీద బోర్లా పడి ఏడ్చాను. "నా బలంతో ఆ గడప ఎక్కలేను, నువ్వే ఎక్కించు" అని తప్ప మరో మాట రాలేదు.

మూడో రోజు సాయంత్రం ఇంటికి వెళ్లే రైలు ఎక్కలేదు. అన్నయ్య ఊరి బస్సెక్కాను. దారి పొడవునా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. వాకిట్లో బియ్యం చెరుగుతున్న వదిన నన్ను చూసి చేట కింద పెట్టి లేచింది. ఏమీ అడగలేదు. లోపలికి వెళ్లి కాళ్లకు ఒక చెంబు, తాగడానికి ఒక గ్లాసు తెచ్చింది. గ్లాసు అందించబోయి, ఏదో గుర్తొచ్చినట్టు అరుగు మీద పెట్టి వెనక్కి జరిగింది.

నేను గ్లాసు తీసుకుని, నీళ్లన్నీ తాగి, "ఇంకొన్ని ఇవ్వు వదినా" అన్నాను.