మోరీలో పోయే వేడి

పోయిన డిసెంబరులో ఒకరోజు పొద్దున ఆరింటికి మా రైస్ మిల్లులో వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ వెనక సుద్దముక్కతో నేలమీద గుండ్రం గీసుకొని అందులో నిలబడ్డాను. టయోటాలో తైచీ ఓనో తన కింద పనిచేసేవాళ్లను ఇట్లాగే నిలబెట్టేవాడట. కదలకుండా చూస్తూ ఉంటే ఎక్కడేం వృథా అవుతుందో అదే కనబడుతుందని. వృథా తగ్గించే పద్ధతులు నేర్పే లీన్ ట్రైనింగ్‌లో ఈ సంగతి విన్నప్పటినుంచి నా మనసులో ఉంది.

నేను మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను. సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లే మాకు ఎక్కువ. క్వింటా వడ్లు మరాడిస్తే దాదాపు 20 కిలోల ఊక వస్తుంది. బాయిలర్‌కు మేత అదే. "ఊక మనదే కదా, ఖర్చేముంది" అనేది మా దగ్గర అందరి నోటా ఉండే మాట. ఇన్నేండ్లూ మా కళ్లు మూసింది ఆ మాటే.

ట్రైనింగ్ అయ్యాక ముందు స్టోరు సర్దాం. పాత బెల్టులు, పడుండి పడుండి గట్టిపడిపోయిన రబ్బరు రోలర్లు తీసేశాం. మంచిదే. కానీ ఓనో చెప్పిన ఏడు వృథాల జాబితాలో వేడి లేదు, నీళ్లు లేవు, బూడిద లేదు. కార్లు చేసేచోట అది సరిపోతుందేమో. మిల్లుకు సరిపోదని నా గట్టి అభిప్రాయం.

గుండ్రంలో నిలబడ్డ ఇరవై నిమిషాలకు చూశాను, చలికి మోరీ పొడుగునా ఆవిర్లు లేస్తున్నాయి. బాయిలర్‌లో ఊక వేసే మా ఫైర్‌మన్‌ను నేను మామా అని పిలుస్తాను. ఆయన పక్కకు వచ్చి, "ఇయ్యాల కాదు అల్లుడా, పదేండ్ల సంది పోతున్నయ్" అన్నాడు. చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. అంత వేడి.

డ్రయ్యర్ రేడియేటర్లలో ఆవిరి గాలికి వేడినిచ్చి, తాను నీళ్లయి, ఆవిరిని ఆపి నీళ్లనే వదిలే స్టీమ్ ట్రాప్ దాటి బయటికి వస్తుంది. ఉప్పు లేని, శుభ్రమైన నీళ్లు. వాటిని మోరీకి వదిలేసి, బోరు నీళ్లు తోడి, సాఫ్ట్‌నర్‌లో కాఠిన్యం తీసి, 28 డిగ్రీల నుంచి మళ్లీ కాస్తున్నాం!

పైపు వేసి ఆ నీళ్లను బాయిలర్‌కు నీళ్లందించే ఫీడ్ ట్యాంకుకు తిప్పాం. మూడో రోజు ట్యాంకులో వేడి 85కు ఎక్కింది. పంపులో కంకర పోసినట్టు చప్పుడు. బాయిలర్‌లో నీటిమట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు దిగిపోతున్నాయి. బాయిలర్‌లో నీళ్లు తగ్గితే ఏమవుతుందో తెలిసినవాడికే ఆ టెన్షన్ తెలుస్తుంది. మామ అప్పటికే ఊక ఆపి, ఫ్యాన్ బంద్ చేశాడు. అంత వేడి నీళ్లను కిందున్న ట్యాంకులోంచి పంపు లాగబోతే, నీళ్లు లాగే సక్షన్ వైపే ఆవిరై పంపు నీళ్లు పట్టదు. ఇది నేను ముందే ఆలోచించాల్సింది. నాలుగు రోజులు పట్టింది, యాంగిల్ స్టాండు కట్టి ట్యాంకును ఎనిమిది అడుగుల పైకెత్తాం. పైనుంచి బరువుతో దిగుతున్నాయి కాబట్టి ఇప్పుడు పంపు నిమ్మళంగా తిరుగుతోంది.

ఫీడ్ నీళ్లు ఇప్పుడు 76 దగ్గర నిలుస్తున్నాయి. ప్రతి 6 డిగ్రీలకు దాదాపు ఒక శాతం ఇంధనం మిగులుతుందని బాయిలర్ పనిలో ఉన్నవాళ్ల లెక్క. ఆ లెక్కన మాకు 8 శాతం. మామ సుద్దతో గోడమీద గీతలు పెట్టి లెక్కేశాడు. షిఫ్టుకు పన్నెండు ట్రాలీలు పోసేచోట పదకొండు సరిపోతున్నాయి. మిగిలిన ఊకను సేటు ఇటుక బట్టీలకు అమ్ముతున్నాడు.

నాకు మాత్రం బూడిద ముఖ్యం. కాల్చిన ఊకలో దాదాపు ఐదోవంతు బూడిదగా మిగులుతుంది, ఊక తగ్గితే బూడిదా తగ్గుతుంది. మా ఇల్లు మిల్లు వెనక కాలనీలోనే. డాబామీద అమ్మ ఆరబెట్టిన వడియాల మీద నల్లటి నలుసులు వాలితే, ఆమె ఏమీ అనకుండా ఒక్కొక్కటీ ఊదుకుంటుంది. నలుసులు పోలేదు. కొంచెం తగ్గాయని అమ్మే అంది.

నిన్న వడ్లు నానబెట్టే తొట్ల దగ్గర ఇంకో గుండ్రం గీశాను. ఆ వాసన నీళ్ల సంగతి యాసంగి వడ్లు వచ్చేలోపు తేల్చాలి. మామ నాకంటే ముందే వెళ్లి అందులో నిలబడ్డాడు.