ముక్క ఎలా మాట్లాడతారు?

"రెండు రోజులుగా మీ తాతయ్య నాతో ముక్క మాట్లాడలేదు" అని మా అత్తగారు వాపోతే, మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి రహస్యంగా అడిగింది: "అమ్మా, ముక్క ఎలా మాట్లాడతారు?" దానికి తెలిసిన ముక్క ఆవకాయ జాడీలో ఉంటుంది మరి.

బరంపురంలో తెలుగుకు కరువు లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. పట్టు నేసే వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. అయినా బడి ఇంగ్లీషుకూ, వీధి ఒడియాకూ పోగా, మా అమ్మాయి తెలుగుకు దక్కింది అన్నం, స్నానం, నిద్ర. నేను కాకినాడ నుంచి కాపురానికి వచ్చినప్పుడు పుట్టబోయే పిల్లలకు మాటలు పోతాయేమోనని బెంగపడ్డాను. మాటలు పోలేదు. ఒక్కో మాటకు ఒక్కటే అర్థం మిగిలింది, అదీ చేత్తో పట్టుకోగలిగినది.

ఆ వారమే ఇంగ్లీషు హోంవర్కులో 'పీస్' వచ్చింది. అడ్వైస్, న్యూస్, ఫర్నిచర్ లాంటివాటిని నేరుగా లెక్కపెట్టకూడదు, ముందు 'ఎ పీస్ ఆఫ్' తగిలించాలి. "మనం రెండు సలహాలు ఇవ్వవచ్చు కదా, వాళ్లకెందుకు కుదరదు?" అంది. బియ్యం డబ్బా తెరిచాను. బియ్యాన్ని ఒకటి, రెండు అనం, గింజల్ని అంటాం. వాళ్లకు సలహా బియ్యం లాంటిది, పీస్ గింజ లాంటిది. తృప్తిపడింది. న్యూస్ చివర 'ఎస్' ఉన్నా ఏకవచనమే ఎందుకన్నప్పుడు మాత్రం నా దగ్గర బియ్యం నిండుకుంది.

చదరంగంలో పావు కూడా పీసే. కచ్చితంగా మాట్లాడే ఆటగాళ్లు బంట్లను అందులో కలపరని చెబితే, బంట్ల తరఫున కాసేపు పోట్లాడింది. పావు అంటే నాలుగో వంతు కూడా అని అప్పుడే తెలిసింది దానికి.

ఇక ముక్క దగ్గరికి వచ్చాం. చాక్‌పీసు సుద్దముక్క, జాకెట్టు పీసు జాకెట్టు ముక్క. అంతవరకు రెండు భాషలూ కలిసే నడిచాయి. పేకముక్క దగ్గర విడిపోయాయి, ఇంగ్లీషువాళ్లకు అది పీస్ కాదు, కార్డు. ఇంగ్లీషు ముక్క రాదు, ఒక్క ముక్కలో చెప్పు, ఉత్తరంలో నాలుగు ముక్కలు రాయి: వీటి దగ్గర పీస్ పూర్తిగా చేతులెత్తేసింది. ఒడియాలో 'ఖండే కాగజ' అంటారు కాబట్టి మా అమ్మాయి ఇన్నాళ్లూ "ముక్క కాగితం ఇవ్వు" అనేది. నేనూ దిద్దలేదు. నిజం చెప్పాలంటే నాకూ అలవాటైపోయింది.

రాత్రి భోజనాల దగ్గర తాతయ్య పక్కన చేరింది.

"తాతయ్యా, నానమ్మతో ఒక్క ముక్క మాట్లాడు."

ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. "ముందు ఆవకాయ ముక్క వెయ్యమను" అన్నారు.


మా అత్తగారు రెండు వేశారు.