249వ స్థానం

డిసెంబరులో డండీలో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గూకుతుంది. స్కాట్లాండుకు వచ్చిన మొదటి చలికాలం, ల్యాబులో కణాలకు ఆహారం మార్చి కిటికీ దగ్గరకు వెళ్లేసరికి టే నది చీకట్లో కలిసిపోయి ఉండేది. అనంతపురం జిల్లాలో వేరుశనగ చేల మధ్య పెరిగినదాన్ని, ఆ చీకటి నన్ను చాలా కుంగదీసింది. పనే నన్ను నిలబెట్టింది.

నా పని పీ53 అనే ప్రోటీను మీద. 1979లో దాన్ని కనుగొన్నవారిలో ఒకరైన డేవిడ్ లేన్ చాలా ఏళ్లు ఈ ఊళ్లోనే పరిశోధన చేశారు. పీ53 ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. అంటే డీఎన్ఏ మీద తన చోటు వెతుక్కుని కూర్చుని, ఏ జన్యువు పని మొదలుపెట్టాలో చెప్పే ప్రోటీను. డీఎన్ఏ దెబ్బతింటే కణంలో పీ53 పోగుపడుతుంది. పీ21 జన్యువును లేపి కణ విభజనను ఆపిస్తుంది. దెబ్బ మరీ పెద్దదైతే ప్యూమా, బ్యాక్స్ వంటి జన్యువులను నడిపించి, ఆ కణం తనంతట తానే చనిపోయేలా చేస్తుంది. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53ను తయారు చేసే జన్యువు చెడిపోయి ఉంటుంది. అయినా మొదటి పదేళ్లు పీ53నే క్యాన్సర్ కారకమనుకున్నారు. తాము పరీక్షిస్తున్నది చెడిన రూపమని 1989లో గానీ తేలలేదు.

నాకు ఇచ్చినవి రెండు రకాల కాలేయ క్యాన్సర్ కణాలు. హెప్‌జీ2లో పీ53 సవ్యంగా ఉంటుంది. పీఎల్‌సీ కణాల్లో ఆ ప్రోటీను గొలుసులో 249వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు సెరిన్ అనేది ఉంటుంది. రెండింటికీ డీఎన్ఏను దెబ్బతీసే డాక్సోరుబిసిన్ వేసి మర్నాడు చూశాను. హెప్‌జీ2లో పీ53 పెరిగింది, వెంటే పీ21 కూడా. పీఎల్‌సీలో మందు వేయకముందే, ప్రోటీను ఎంత ఉందో చూపే పరీక్షలో పీ53 గీత నల్లగా, మందంగా ఉంది. పీ21 మాత్రం లేవలేదు. మనిషి ఇంట్లోనే ఉండి పిలిస్తే పలకనట్టు. పీ53ను ఎప్పటికప్పుడు తొలగించే ఎండీఎం2 అనే ప్రోటీనును తయారు చేయించేదీ పీ53యే. పీ53 పని మానేస్తే తొలగించేవాళ్లు ఉండరు, చెడిన సరుకే కణమంతా పేరుకుంటుంది.

ఆ మార్పు ఎక్కడి నుంచి వస్తుందో చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చైనాలోనూ దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోనూ కాలేయ క్యాన్సర్ రోగుల కణితుల్లో 249వ స్థానంలోనే పదే పదే మార్పు కనబడిందని 1991లో బయటపడింది. అవి తిండిలో అఫ్లటాక్సిన్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలు. అది వేరుశనగ మీదా మొక్కజొన్న మీదా పెరిగే ఒక బూజు చేసే విషం. దానికి హెపటైటిస్ బీ తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

పంట చివర వాన ముఖం చాటేసి చేను ఎండితే ఆ బూజు నేలలోనే కాయలోకి దూరుతుంది. పీకిన కట్టె తడిస్తే కుప్పలోనూ పెరుగుతుంది. మా ఊళ్లో ఏ ఏడాదైనా ఈ రెంటిలో ఒకటి తప్పదు. నాయన నిగనిగలాడే గింజలను మార్కెట్టుకు పంపేవాడు. ముడుచుకున్నవీ రంగు మారినవీ అమ్మ ఇంటికి ఉంచేది. నేను తిన్న పచ్చడి వాటిదే.

తెల్లవారగానే ఫోను చేశాను.

“అమ్మా, రంగు మారిన శనక్కాయలు పచ్చడికి వాడొద్దు.”

“వేయించితే ఏమవుతుంది పాపా?”

“వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. ఏరి పక్కన పెట్టు.”

అమ్మ కాసేపు మాట్లాడలేదు. మంచి గింజ ఇంట్లో వాడితే సంచికి ఎంత తగ్గుతుందో లెక్క వేసుకుంటోందని నాకు తెలుసు. ఆ లెక్కతోనే నన్ను చదివించింది.

వారం తరువాత ఆమే ఫోను చేసింది. రెండు చేటల నాసి గింజలు ఏరానని, నాయన కూడా కూర్చుని ఏరాడని సంబరంగా చెప్పింది.

“వాటినేం చేశావమ్మా?”

“పారేయడానికి చేతులు రాలేదు. నానబెట్టి గేదెకు పెట్టాను.”

మేతలోని అఫ్లటాక్సిన్ కొంత రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. ఆ పాలే మా అన్న పిల్లలు తాగుతారు. ఆ మాట అమ్మకు ఎలా చెప్పాలో తోచక, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చీకటి కిటికీ ముందు నిలబడ్డాను.